పసుపు అంచు

నా భార్య రాయదుర్గానికి వెళ్లిన రోజు మా వరండాలోని స్నేక్ ప్లాంట్‌కు తొమ్మిది ఆకులున్నాయి. పొడవుది ఇరవై ఆరు అంగుళాలు, పొట్టిది ఏడున్నర. ఆమె బస్సెక్కిన సాయంత్రమే టేపు పెట్టి కొలిచి, క్యాలెండర్ వెనక రాసుకున్నాను. తాడిపత్రిలో నాపరాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా నా పని కొలవడమే. ఏడో తరగతితో బడి మానేశాను. చదరపు అడుగుల లెక్క నాకెవరూ నేర్పలేదు. రాళ్ల మీద సుద్దముక్కతో వేసి, తప్పు చేసి, తుడిచి, మళ్లీ వేసి నేర్చుకున్నాను. ఎవరైనా నాకొక వస్తువు అప్పగిస్తే, తిరిగి ఇచ్చేటప్పుడు తగ్గలేదని చూపడానికి ముందు కొలత చేతిలో ఉండాలి. లేకపోతే నాకు కుదురుండదు.

పైగా అది మామూలు మొక్క కాదు. నా భార్య వాళ్ల అక్క ఇచ్చింది. ఆమె బుక్కరాయసముద్రంలో అద్దె ఇంట్లో ఉండేది. కిడ్నీలు చెడిపోయి వారానికి రెండుసార్లు రక్తం శుభ్రం చేయించుకునేది. మూడేళ్ల కిందట చివరిసారి చూడడానికి వెళ్లినప్పుడు, పట్టీ వేసిన చేత్తోనే కుండీలో వేళ్లు పెట్టి, ఒక పిలకను గడ్డతో సహా విరిచి, పాత పేపర్లో చుట్టి చెల్లెలి చేతిలో పెట్టింది. రెండు నెలలకు ఆమె లేదు. మేం ఇల్లు ఖాళీ చేయడానికి వెళ్లేసరికి ఇంటాయన గోడలకు సున్నం వేయిస్తున్నాడు. కుండీలు ఎక్కడని అడిగితే పారేశామన్నాడు. ఆమె చేతి మొక్కల్లో మిగిలింది మా వరండాలోనిదొక్కటే.

మా అత్త రాయదుర్గంలో బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. నా భార్య అక్కడ మూడు నాలుగు నెలలు ఉండాల్సి వచ్చింది. గడప దాటుతూ ఆమె చెప్పింది ఒకటే మాట.

"ఇదో, దానికి నెలకొకసారి అరగ్లాసు నీళ్లు. అంతే. మర్చిపోయినా ఏమీ కాదు. దాని పాటికి దాన్ని వదిలెయ్."

"అరగ్లాసంటే ఏ గ్లాసు? స్టీలుదా, టీ గ్లాసా?"

"అయ్యో దేవుడా! మా యమ్మ కాలిరిగి పండుకోనుంటే గ్లాసుల లెక్క అడుగుతాండాడు చూడు ఈ మనిషి."

గ్లాసు సంగతి తేలకుండానే ఆమె ఆటో ఎక్కింది.

మా వీధిలో కుళాయి మూడు రోజులకొకసారి వస్తుంది. వచ్చే ముందు బిందెల్లోని పాత నీళ్లు తీసేసి, తోమి, వరుసగా పెట్టుకోవాలి. ఆ పాత నీళ్లను కాలవలో పోసే మనిషి మా వీధిలో లేడు. ఎవరి వాకిట్లో ఏ మొక్క ఉంటే దాని మొదట్లో పోస్తారు. మా వాకిట్లో ఉన్నది ఈ ఒక్క మొక్కే. మొదటిసారి చెంబు పట్టుకుని కుండీ ముందు నిలబడి చాలాసేపు ఆలోచించాను. నెలకు అరగ్లాసన్నది చలికాలం లెక్క అయ్యుంటుంది. ఎండలు నలభై రెండు దాటాక కూడా అదే లెక్క ఎలా పనికొస్తుంది? మా నాయన వేరుశనగ వేసిన చేలో నేను పెరిగాను. పచ్చటిదాన్ని ఎండలో పెట్టి, చేతిలో నీళ్లుంచుకుని పోయకుండా ఉండడం నాకు చేతకాలేదు. కుండీ మూతి వెడల్పు, లోతు కొలిచి, లీటరున్నర సరిపోతుందని తేల్చాను. మూడు రోజులకొకసారి లీటరున్నర, కుళాయి వచ్చే రోజున.

అది చాలదన్నట్టు ఇంకో మంచిపని కూడా చేశాను. మా ఫ్యాక్టరీకి వచ్చే లారీ డ్రైవరుతో చెప్పి ఒక గోతం నల్లరేగడి తెప్పించాను. వారం పాటు తేమ పట్టి ఉంచే మన్ను మా వైపు దొరికేది కాదు. అలాంటి చేను ఉన్నవాళ్లను చూసి మా నాయన అసూయపడేవాడు. పాత ఎర్రమట్టి తీసేసి, మొక్కను కొత్త మన్నులోకి మార్చి, చుట్టూ గట్టిగా అదిమాను.

ఐదో వారంలో పొట్టి ఆకు మొదట్లో మెత్తబడింది. వేలితో నొక్కితే లోపల నీళ్లున్న సంచిలా ఉంది. ఎండ దెబ్బ అనుకుని ఆ రోజు ఇంకో గ్లాసు ఎక్కువ పోశాను. నాలుగు రోజులకు ఆకు పక్కకు వాలింది. తీస్తే ఊడి చేతికొచ్చింది, కింది భాగమంతా గోధుమరంగు జిగురు. ఎనిమిది. తర్వాతి వారానికి ఆరు.

నా భార్య రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. వాళ్లమ్మ ఎన్ని అడుగులు నడిచిందో చెప్పి, చివర్లో అడిగేది.

"మొక్క ఎట్లుండాది?"

"ఉండాది."

అది అబద్ధం కాదు. ఆరు ఆకులతో ఉంది. మరుసటి వారం ఆమె "బాగుండాదా?" అంది. "బాగుండాది" అన్నాను. అది అబద్ధమే. ఆ మరునాడు ఫ్యాక్టరీలో ఎనిమిదడుగుల రాయిని తొమ్మిదని రాశాను. ఇరవై రెండేళ్లలో నేనలాంటి తప్పు చేయలేదు. మేస్త్రీ నన్ను జ్వరం వచ్చిందా అని అడిగాడు.

ఆదివారం మొక్కను బకెట్లో పెట్టుకుని అనంతపురం బస్సెక్కాను. బుక్కరాయసముద్రం దారిలో ఒక నర్సరీ ఉంది. నడిపే మనిషి మొక్కను కుండీలోంచి లాగి, వాసన చూసి, మొహం తిప్పుకున్నాడు.

"అన్నా, దీనికి నీళ్లు పోసినావా, ఈత నేర్పించినావా?"

"రోజూ ఏం కాదప్పా. మూడు రోజులకొకసారి లీటరున్నర."

"మూడు రోజులకా! మా కాడ వరి పెట్టినోళ్లు కూడా ఇంత పొయ్యరు. ఈ మన్ను యాడిది?"

"మంచి మన్నే. నల్లరేగడి."

"పత్తికి మంచిది. దీనికి గోరీ కట్టినావు పో. ఇది ఆకుల్లోనే నీళ్లు దాచిపెట్టుకునే చెట్టన్నా. వేర్లకు గాలి ఆడాల. మీ తాడిపత్రి రాళ్ల పొట్టు, ఎర్ర గరుసుమన్ను ఉంటే చాలు, మహారాజు మాదిరి బతుకుతాది."

కత్తి తీసుకుని అతను కుళ్లిన గడ్డను చెక్కడం మొదలుపెట్టాడు. చెక్కేకొద్దీ లోపల కూడా గోధుమరంగే. చివరికి గట్టిగా, తెల్లగా ఒక ముక్క మిగిలింది. బొటనవేలి మొదటి కణుపంత. నా టేపు తీసి కొలిచాను. అంగుళంబావు.

"ఆకులు ముక్కలు చేసి గుచ్చుకో, మొలుస్తాయి," అన్నాడు. "అయితే వాటికి ఈ పసుపు అంచు రాదు. ఉత్త పచ్చగా వస్తాయి. అంచు కావాలంటే ఈ గడ్డలోంచే రావాల."

ఆకుల రెండు వైపులా ఉన్న సన్నటి పసుపు చారను నేను అప్పుడు మొదటిసారి సరిగ్గా చూశాను. తొమ్మిది ఆకుల పొడవూ రాసుకున్నాను కానీ అంచు రాసుకోలేదు. రేపు పచ్చటి మొక్క ఎంత బాగా పెరిగినా, మొదటి చూపులోనే అది అక్క మొక్క కాదని నా భార్యకు తెలిసిపోతుంది.

నా మొహం చూసి అతను వెనక వరుస చూపించాడు. "ఎవురిదన్నా ఇది, మీ ఆడమనిషిదా? ఇదో, ఇట్లాంటివే ముప్పై ఉండాయి. ఒకటి తీస్కపో. ఎవురికి తెలుస్తాది?"

వరుసలో ఒకదానికి సరిగ్గా తొమ్మిది ఆకులు. పొడవుది ఇరవై ఐదున్నర. అంచు కూడా ఉంది. దాన్ని బకెట్లో పెట్టుకుని గేటు దాకా నడిచాను. ఆమెకు తెలియదు, నిజమే. ప్రతి కార్తీకంలో అక్క పోయిన రోజున ఆమె ఆ కుండీ ముందు కాసేపు కూర్చుంటుంది. ఆమె అలా కూర్చున్నప్పుడల్లా నేను ఇంట్లో ఎక్కడుండాలి? వెనక్కి వెళ్లి, దాన్ని వరుసలో దాని చోటే పెట్టేశాను.

ఇంటికొచ్చి గడ్డను ఎర్ర గరుసులో, రాళ్ల పొట్టులో పెట్టాను. ఆకులను నాలుగేసి అంగుళాల ముక్కలుగా కోసి, తలకిందులైతే వేరు పట్టదని నర్సరీ అతను చెప్పాడు కాబట్టి, కింది వైపు సుద్దతో గుర్తు పెట్టి ఇంకో డబ్బాలో గుచ్చాను. ఇక చేయాల్సిన పని ఏమీ చేయకపోవడమే. అది నా వల్ల అయ్యే పనిగా అనిపించలేదు. కుళాయి వచ్చిన రోజు పాత నీళ్ల చెంబు పట్టుకుని వాకిట్లో నిలబడితే ఎదురింటామె పిలిచింది.

"అన్నా, ఈడ పొయ్యి, కరివేపాకు చెట్టుకు. మీ ఆమె ఎప్పుడూ ఈడనే పోస్తాండె."

ఆమె ఊళ్లో ఉన్నప్పుడు కుళాయి వేళకు నేనెప్పుడూ ఫ్యాక్టరీలో ఉండేవాణ్ణి. మా ఇంటి పాత నీళ్లు ఎక్కడికి పోతాయో కూడా నాకు తెలిసేది కాదు.

ఇరవై మూడు రోజులు గడిచాయి. మన్ను మీద ఏమీ లేదు. లోపల గడ్డ బాగుందో కుళ్లిందో చూడాలంటే తవ్వాలి, తవ్వితే చెడుతుంది. ఆ సాయంత్రం నా భార్య ఫోన్ చేసి, వాళ్లమ్మ వాకర్ పట్టుకుని వీధి దాకా నడిచిందని చెప్పింది. "అమ్మ మొక్కను చూస్తానంటాంది. ఫోటో తీసి పెట్టు," అంది. సిగ్నల్ సరిగ్గా లేదని చెప్పాను. మరునాడు సెలవు పెట్టి, కుండీని ఒడిలో పెట్టుకుని రాయదుర్గం వెళ్లాను.

ఇల్లంతా జీన్స్ ప్యాంట్లు గుట్టలుగా ఉన్నాయి. పక్కనే ఉన్న కుట్టు యూనిట్ నుంచి తెచ్చి, వేలాడే దారాలు కత్తిరించి ఇవ్వడం మా అత్త పని. మంచం మీద కూర్చునే కత్తిరిస్తోంది.

"ఏం నాయనా, నన్ను చూసేదానికొచ్చినావా, ఉత్త మన్ను మోసుకొచ్చినావా?"

నా భార్య కుండీలోకి చూసింది. తర్వాత నన్ను చూసింది.

"మొక్క యాడ?"

"లోపల గడ్డ ఉండాది. అంగుళంబావు. తక్కిందంతా నేనే చంపినా." నీళ్లు, మన్ను, నర్సరీ, ఫోన్లో చెప్పిన అబద్ధం, గేటు దాకా మోసిన కొత్త మొక్క, అన్నీ వరుసగా చెప్పేశాను. మా అత్త చేతిలో కత్తెర ఆగిపోయింది.

"నా బిడ్డది గదా అది," అంది మెల్లగా.

నా భార్య కింద కూర్చుని వేలితో మన్ను తీయసాగింది. "కదిలించొద్దు," అన్నాను. ఆమె ఆగలేదు. గడ్డ బయటపడింది. గట్టిగానే ఉంది. ఒక పక్కన బియ్యపు గింజంత తెల్లటి మొన. ముగ్గురం దాని మీదికి వంగాం.

"అంచుతో వస్తాదా?" అంది.

"గడ్డలోంచి కాబట్టి రావాల. ఖాయంగా చెప్పలేను."

ఆమె మన్ను కప్పింది. కుండీ తీసుకెళ్లి కిటికీలో పెట్టింది. "ఇది ఈడనే ఉంటాది. నువ్వు ముట్టుకోవద్దు."

అన్నం పెట్టింది. తిన్నాను. లేస్తుంటే మా అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఎండిపోతాదనే గదా పోసినావు? నేనైనా పోసుందును."

"వింటాండానులే," అంది నా భార్య. కుండీని కిటికీలోంచి తీసి, వాకర్ పట్టుకున్న మనిషికి అందనంత ఎత్తులో, వెంటిలేటరు కింది గూట్లో పెట్టింది.

బస్సు కళ్యాణదుర్గం దాటేదాకా అదే ఆలోచన. మొన ఆకుగా విచ్చుకోవాలి, కనీసం రెండు అంగుళాలు ఎదగాలి, అప్పుడుగానీ అంచు ఉందో లేదో కనిపించదు. రోజుకు ఎంత పెరుగుతుందో నాకు తెలియదు. రేపు ఫోన్లో అడిగితే ఆమె చెబుతుందో లేదో కూడా తెలియదు.