టగ్‌వెల్ గారి పరుపు

ఆల్బర్ట్ టగ్‌వెల్ బొమ్మల్లో ఎవరూ నేలమీద పడరు. పరుపు మీదే పడతారు.

లండన్‌లో అచ్చయ్యే ఆ పిల్లల వారపత్రికకు మొదటి పేజీ సినిమా హాస్యనటుడు బంటీ స్పూనర్‌ది. బొమ్మలు టగ్‌వెల్‌వి, ఒక్కో బొమ్మ కింద కథ రాసేది ఉపసంపాదకురాలు హిల్డా. బంటీ మేడమీంచి పడితే కింద పరుపుల బండి సిద్ధం. ఓడలోంచి పడితే పరుపు తేలుతూ వచ్చేది. ఎడారిలో ఒంటె విసిరేసినా ఇసుకలో ఈకలు కూరిన చారల పరుపే.

"ఎడారిలో పరుపెక్కడిదండీ?" అని హిల్డా అడిగితే, "ఒంటెకి నిద్ర రాదా, అమ్మాయ్?" అన్నాడాయన.

ఆ మంగళవారం మాత్రం హిల్డాకు నవ్వు రాలేదు. సినిమా కంపెనీ మనిషి క్రాఫోర్డ్ వచ్చి పక్కగదిలో కూర్చున్నాడు. సినిమాల్లో బంటీ రాళ్లమీద పడతాడు గనకే జనం టిక్కెట్లు కొంటున్నారట. ఇంకోసారి పరుపు కనిపిస్తే బంటీని పోటీ పత్రికకు ఇచ్చేస్తారట. బంటీ పోతే పత్రిక మూతే. నాలుగింటికి అచ్చాఫీసు బండి వస్తుంది. ఈ వారం బొమ్మల చివరి గడిలో బంటీ గోడమీంచి దూకి గాల్లో ఉన్నాడు. కింద ఖాళీ కాగితం.

టగ్‌వెల్ కలం పక్కన పెట్టేశాడు. "రాళ్లు గీయను."

"ఉద్యోగాలు పోతాయండీ. ఇంట్లో నాకు పిల్లాడున్నాడు."

"అందుకే గీయనంటున్నా. పిల్లలు చూసి ఊరుకోరు అమ్మాయ్, చేసి చూస్తారు. మనం ఏది గీస్తే అదే."

మొన్న శనివారం హిల్డా ఐదేళ్ల కొడుకు కాలిన్ పెరట్లోని బొగ్గుల కొట్టెక్కి దూకాడు. దూకేముందు ఇంట్లో దిండ్లన్నీ మోసుకెళ్లి కింద పరిచాడు. దిండ్లు మసి చేశాడని వాడి వీపు మోగించింది గానీ, ఎందుకు పరిచావని అడగలేదు.

బయట బండి వచ్చి ఆగింది.

"పరుపే గీయండి," అంది హిల్డా. "ఎగుడుదిగుడుగా గీయండి. కింద రాసేది నేనేగా."

పక్కగదిలోంచి వచ్చిన క్రాఫోర్డ్ ముందు అక్షరాలే చదివాడు: 'బంటీ గుండ్రాళ్లమీద ధబ్బున పడ్డాడు.' తర్వాత బొమ్మకేసి చాలాసేపు చూశాడు.

"రాళ్లు కాస్త ఉబ్బినట్టున్నాయే?"

"లండన్ వాన కదండీ," అన్నాడు టగ్‌వెల్. "నానాయి."

క్రాఫోర్డ్ తలూపి టోపీ పెట్టుకున్నాడు.

పత్రిక వచ్చిన రోజున కాలిన్ చివరి గడిమీద వేలు పెట్టాడు. "అమ్మా, రాళ్లని రాశావు. మరి ఈక ఎందుకుంది?"

హిల్డా వంగి చూసింది. రాళ్ల సందులోంచి చీమంత ఈక పైకి లేచి ఉంది. అది ఆమె కూడా అప్పుడే చూడటం.

కాలిన్ అప్పటికే ఒక దిండు చంకన పెట్టుకుని బొగ్గుల కొట్టువైపు బయల్దేరాడు. హిల్డా రెండోది తీసుకుని వెనకే నడిచింది.