పుట్టింటి మట్టికి బస్సు టికెట్టు

మొన్న మా కోడలు ఫోన్లో మట్టి తెప్పించింది. బాల్కనీలో గులాబీ మొక్కకట. మట్టి కొనుక్కోవడమేంటే తల్లీ అని నవ్వబోయి ఆగిపోయాను. డెబ్బైల్లోనే మట్టికి బస్సు టికెట్టు కొన్న మనిషి మా ఇంట్లో ఉండేవాడు మరి.

ఆయన మా పెద్దనాన్న, అమ్మ అక్కగారి భర్త. ఖమ్మం అవతల ఒక బొగ్గు గనిలో పాతికేళ్ళు పనిచేశాడు. ఓసారి లోపల కప్పు కూలింది. పెద్దమ్మ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గేటు బయట నిలబడింది. ఆయన మసి మొహంతో నవ్వుతూ బయటికొచ్చాడు గానీ, "ఈ గని మట్టి మీద ఇక కాలు పెట్టను, ఒట్టు" అనేసిందావిడ. ఆవిడ ఒట్టంటే ఒట్టే. కొన్నేళ్ళకి బొగ్గు అయిపోయి గని మూతపడితే, ఆ నేలని జనం తిరిగే పార్కు చేద్దామనుకున్నారు. మొక్కల పని పెద్దనాన్నకిచ్చారు. ఆఫీసరు పూల చెట్లు వేయమంటే ఈయన మామిడంట్లు కూడా నాటాడు. కాయని చెట్టు కింద ఎవరు కూర్చుంటారని ఆయన వాదన. ఊరంతా వచ్చి చూసినా పెద్దమ్మ మాత్రం గేటు దాటలేదు. ఆ దిగులు ఆయన్ని తినేసింది.

నేను తిరువూరు బళ్ళో టీచరుగా చేరి అమ్మమ్మ ఇంట్లో ఉంటున్న రోజుల్లో, ఓ వేసవిలో పెద్దనాన్న రెండు ఖాళీ గోతాలతో దిగాడు. పెరట్లో ఎర్రమట్టి తవ్వి నింపుతూ, "మీ పెద్దమ్మ పుట్టింటి మట్టే అమ్మాయ్. గేటు నుంచి బెంచీ దాకా పరుస్తా. దీని మీద నడిస్తే ఒట్టు తప్పినట్టు కాదుగా" అన్నాడు. నేనూ బయల్దేరాను. కండక్టరు గోతాలకి లగేజీ టికెట్టు కొట్టాడు. "మట్టికి టికెట్టేంటండీ?" అన్నాను. "మట్టైనా మనిషైనా బస్సెక్కితే ఒకటేనమ్మా" అన్నాడతను.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, పార్కు గేటు నుంచి ఆయన పరిచిన ఎర్రమట్టి మీద అడుగులో అడుగేసుకుంటూ వచ్చింది. తీరా బెంచీ ఇంకా పదడుగులుందనగా మట్టి అయిపోయింది. పెద్దనాన్న మొహం నేను చూడలేకపోయాను. ఆవిడ తలెత్తి చూసింది. ఎదురుగా ఒక మామిడంటు ఆకులు వాల్చేసి ఉంది.

"ఏవండీ, దీనికి నీళ్ళు పోసి ఎన్నాళ్ళయింది?" అంటూ నల్లమట్టిలో కాలు పెట్టేసింది.

"మరి ఒట్టో?" అన్నాడు పెద్దనాన్న.

"తీసి గట్టు మీద పెట్టాన్లెండి. మీరు మళ్ళీ గనిలోకి దిగితే తీసుకుంటా" అంది నీళ్ళ బిందె అందుకుంటూ.

తర్వాత ఎన్ని వానలు పడ్డాయో. అక్కడ ఏది మా పెరటి మట్టో, ఏది గని మట్టో ఇప్పుడు నాకే తెలియదు. గట్టు మీది ఒట్టుని కాలం ఎప్పుడు పట్టుకుపోయిందో, మేమెవరమూ చూడలేదు.