సుందర్‌రాజు చేతిలో జర్మనీ సీసా

మూడు వందల ఏళ్లుగా ద్రాక్షరసం తీస్తున్న జర్మనీ కుటుంబాన్ని మా కామత్‌ఘర్ సుందర్‌రాజు ఒక్క పూటలో ఓడించాడు. నమ్మకపోతే మీ ఇష్టం. వారమంతా సాంచాలనే మరమగ్గాల మీద గుడ్డ నేసే ఈ మనిషే, చర్చిలో క్రీస్తు రక్తానికి గుర్తుగా తలా ఓ గుక్క రసం తాగే బల్ల ఆదివారానికి నల్లద్రాక్షలు పిండి కోరాగుడ్డతో వడకడతాడు. ఈసారి విదేశీ సరుకు గోదాములో పనిచేసే మేనల్లుడు స్టీవెన్, సేఠ్ బహుమతిగా ఇచ్చిన రీస్లింగ్ అనే జర్మనీ వైను సీసా తెచ్చి, "మామా, బల్లకు గిదే పొయ్యాలె, మొక్కుకున్న" అన్నాడు. సీసా మీద కొండవాలు తోట, పాత మేడ, ఆ ఇంటి పేరు. సుందర్‌రాజు కొంచెం గ్లాసులో వంచి, గుడ్డలో తప్పు వెతికినట్టు ట్యూబ్‌లైటు కేసి పట్టాడు. లేత నిమ్మపండు రంగు. ఎరుపు అడుగున పేరుకుందేమోనని సీసాకు మూత బిగించి తలకిందులు చేసి చూశాడు. భార్యను పిలిచాడు.

"రూతూ, రక్తం గిట్లుంటదా?"

"నన్నడుగుతవేంది? తెచ్చినోన్ని అడుగు."

మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. తెల్లారి చర్చిలో కప్పుల నిండా ఎప్పటి ఎర్రరసమే. అది చూసి స్టీవెన్ ముఖం వేలాడేశాడు. ఆరాధన అయ్యాక నేను, "జర్మనోళ్లనే ఓడగొట్టినవు గదనే" అని గిల్లాను. సుందర్‌రాజు కప్పులు కడుగుతూనే చెప్పాడు: "ఓడగొట్టుడేంది తమ్మీ. ఆ సీసా మొత్తం మన ఎర్రరసంల్నే కలిపిన. పిలగాని మొక్కు పోవద్దు గద."