పంపు మాస్టారు లేచి నిలబడితే

నీళ్ళ పంపింగ్ స్టేషన్లో వాల్వులు తిప్పే ఉద్యోగం కాబట్టి పంపు. డిపో టీముకి ఫుట్‌బాల్ నేర్పాడు కాబట్టి మాస్టారు. రెండూ కలిపి ఊరంతా ఆయన్ని పంపు మాస్టారనే పిలిచింది. పొద్దున ఊరికి నీళ్ళు వదలడం, సాయంత్రం బస్సు డిపో వెనక గ్రౌండులో కుర్రాళ్ళని పరిగెత్తించడం. మీ జీవితం గురించి చెప్పండంటే ఆయన ఈ రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటాడు. మిగతాది చుట్టుపక్కల వాళ్ళని అడగాలి. వాళ్ళు మాత్రం ఆపమన్నా ఆపరు.

పాతికేళ్ళ పైచిలుకు ఆ టీముకి ఆయనే మేనేజరు. డ్రైవర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, కాలేజీ ఎగ్గొట్టి వచ్చేవాళ్ళు, అందరూ ఆయన చేతి కింద ఆడినవాళ్ళే. మనిషి ఆరడుగుల పైన. పంపింగ్ స్టేషన్ వాళ్ళు ఇచ్చిన పసుపుపచ్చ వానకోటు వేసుకుని, అక్కడి నుంచే తెచ్చుకున్న పొట్టి ఇనుప స్టూలు మీద మైదానం గీత పక్కన కూర్చునేవాడు. అంత మనిషికి ఆ స్టూలు చాలక మోకాళ్ళు చెవుల దాకా వచ్చేవి. అక్కడ కూర్చుని ఆట మొదలైన దగ్గర నుంచి అయిపోయేదాకా అరుస్తూనే ఉండేవాడు. మ్యాచ్ మర్నాడు ఆయన గొంతు పెగిలేది కాదు. పంపింగ్ స్టేషన్లో ఆ రోజంతా సైగలతోనే సరిపెట్టేవాడు.

చివరికి మోకాళ్ళే మాట వినడం మానేశాయి. ఈ సీజన్ నుంచి నా వల్ల కాదని ఆయన అన్నప్పుడు ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. తర్వాత ఎవరన్నదే తేలలేదు. క్లబ్బు అధ్యక్షుడు ప్రింటింగ్ ప్రెస్సు ఓనరు. ఆయన ఇంటికొచ్చి, ఇచ్చిన టీ చల్లారిపోయేదాకా అవీ ఇవీ మాట్లాడి, అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు.

"మీరు ఒక్క పేరు చెప్పండి మాస్టారూ. కమిటీలో ఎవరూ నోరెత్తరు. అదే మేం వేలు పెట్టామనుకోండి, కంపు కంపవుతుంది."

"ఆ కంపేదో నా నెత్తిన పెడదామని వచ్చారన్నమాట."

"మీ నెత్తి పెద్దది కదండీ, ఆనుతుంది."

మాస్టారి భార్యకి ఇందులో ఆలోచించాల్సిందేమీ కనబడలేదు. ఆవిడ తమ్ముడు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి బిగించే పని చేస్తాడు. బావ వెంట టీములో చేరి, ఆడటం మానేశాక ఆయనకి కుడిభుజంగా ఉండిపోయాడు. బంతుల సంచి మోసేది అతనే. దెబ్బ తగిలితే పట్టీ వేసేది అతనే. నిద్ర లేవని గోల్‌కీపర్ని మంచం మీద నుంచి లేపి తెచ్చేదీ అతనే. ఎవరినీ ఒక మాట అనడు.

"మీ ఇద్దరూ పక్కపక్కన నిలబడితే ఒకరి నీడ ఇంకొకరని ఊరంతా అనుకుంటుంది. ఇంకా ఎవర్ని వెతుకుతారండీ?" అంది ఆవిడ.

ఇంకొకరు ఉన్నారు. మెయిన్ రోడ్డు మీద టైర్ల కొట్టు నడిపే ఆవిడ. చిన్నప్పుడు మాస్టారు నడిపిన ఆడపిల్లల టీములో గోల్‌కీపరు. ఇప్పుడు క్లబ్బు జూనియర్ టీము ఆవిడ చేతిలోనే ఉంది. అందరూ గోడ అంటారు. ఆమెను దాటి బంతి పోదు కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరు, ఆమెతో వాదిస్తే పగిలేది మన తలే కాబట్టి అని ఇంకొందరు. మాస్టారిని అడిగితే రెండూ నిజమే అంటాడు.

ఆయన ఎటూ తేల్చుకోలేక ఒక ఏర్పాటు చేశాడు. సీజను మొదలయ్యే ముందు రెండు స్నేహపు మ్యాచ్‌లు ఉన్నాయి. మొదటిది బావమరిది నడపాలి, రెండోది గోడ. తాను గ్యాలరీలో కూర్చుని చూసి, ఆ తర్వాత పేరు చెబుతాడు.

"బావమరిదికి పరీక్ష పెట్టే బావని మిమ్మల్నే చూశాను," అని భార్య ఆ పూట కంచం కాస్త చప్పుడయ్యేలా పెట్టింది.

మొదటి మ్యాచ్ రోజు సన్నటి జల్లు. మాస్టారు పసుపు కోటు తగిలించుకుని గ్యాలరీ పై మెట్టు మీద కూర్చున్నాడు. కింద బావమరిది స్టూలు మీద కూర్చోలేదు. దాన్ని ఖాళీగా ఉంచి, పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అయినా టీము బాగానే ఆడింది. రెండో సగంలో ఒక గోలు కూడా వేసింది. ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా, ముందుకెళ్ళకుండా గోలు కాచుకుంటే చాలుననగా, మాస్టారికి మోకాలు పట్టేసింది. కాస్త సాగదీసుకుందామని లేచి నిలబడ్డాడు.

వెనక ఉండాల్సిన ఎలక్ట్రీషియన్ ఎడమ పక్క నుంచి ముందుకు దూసుకుపోయాడు. కుడి పక్కవాడూ వెళ్ళాడు. వాల్వు తిప్పితే నీళ్ళు పోయినట్టు టీము మొత్తం అవతలి గోలు వైపు పోయింది. అవతలి వాళ్ళు బంతిని ఒక్క తన్ను తన్నితే అది ఖాళీ మైదానంలో పడింది. దాన్ని అందుకున్న కుర్రాడు తీరిగ్గా వెళ్ళి గోలు కొట్టాడు. ఏమైందో అంతుపట్టక మాస్టారు అలాగే నిలబడిపోయాడు. ఆయన నిలబడే ఉన్నాడు కాబట్టి వీళ్ళు మళ్ళీ ముందుకే పోయారు. రెండో గోలూ పడింది.

మ్యాచ్ అయ్యాక ఆయన కుంటుకుంటూ ఆటగాళ్ళ గదిలోకి వెళ్ళి ఎలక్ట్రీషియన్ ముందు నిలబడ్డాడు.

"వెనక ఉండాల్సినవాడివి, నీకు అక్కడేం పనిరా?"

"మీరు లేచారు కదా మాస్టారూ."

"లేస్తే?"

"మీరు లేస్తే పైకి పొమ్మనే కదా."

"ఎవడు చెప్పాడ్రా నీకు?"

బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చెప్పింది ఎవరో ఎవరికీ తెలియదు. టీములోకి రాగానే పాతవాళ్ళు కొత్తవాళ్ళకి చెప్పే మొదటి సంగతి అదే. కోటు కూర్చుంటే కాచుకో, కోటు లేస్తే కదులు.

"మరి నేను అరిచేదంతా?"

"ఆ గోలలో అరుపులెవరికి వినబడతాయి మాస్టారూ? కోటైతే కనబడుతుంది."

మాస్టారు బెంచీ మీద కూలబడ్డాడు. ఎన్నో ఏళ్ళుగా తాను ఎందుకెందుకు లేచాడో గుర్తు చేసుకున్నాడు. మోకాలు తిమ్మిరెక్కి లేచాడు. మబ్బు చూద్దామని లేచాడు.

"మిల్లు వాళ్ళతో ఆడిన రోజు జేబులో తాళాలు కనబడక లేచాన్రా."

"ఆ మ్యాచ్ గెలిచాం మాస్టారూ," అన్నాడు ఎలక్ట్రీషియన్, ఓదార్చినట్టు.

ఊరు మాత్రం బావమరిది ఓడాడనే అంది. కళ్ళజోళ్ళ షాపుకి వచ్చినవాళ్ళు అద్దాలు పెట్టుకుని చూస్తూనే, ఆఖర్లో అందరినీ ముందుకెందుకు పంపావయ్యా అని అడిగారు. అతను నవ్వి ఊరుకున్నాడు. అసలు సంగతి విన్న భార్య మాస్టారిని వదల్లేదు.

"ఓడగొట్టింది మీరు. మాట పడుతున్నది వాడు. పేరు చెప్పేటప్పుడు ఇది గుర్తుంచుకోండి."

ఆయనకీ అదే న్యాయమనిపించింది. రెండో మ్యాచ్ ఎలా పోయినా బావమరిది పేరే చెప్పేద్దామని అనుకున్నాడు కూడా.

ఆ మ్యాచ్‌కి ముందురోజు సాయంత్రం గోడ మాస్టారి ఇంటికొచ్చింది. చేతులకి టైర్ల మసి అలాగే ఉంది. ముందు గదిలో బావమరిది నేల మీద కూర్చుని బంతుల సంచికి తెగిన పట్టీ కుడుతున్నాడు.

"కూర్చోమ్మా," అంది మాస్టారి భార్య.

"కూర్చోను పిన్నీ, కొట్టు తెరిచే వచ్చాను. మాస్టారూ, రేపు మీరు గ్రౌండుకి రావద్దు."

ముందు తేరుకున్నది భార్యే.

"ఏంటమ్మాయ్, ఆయన పెంచిన టీము, ఆయన నేర్పిన ఆట, ఆయన్నే రావద్దంటావా? నీకు బంతి పట్టుకోవడం నేర్పింది ఎవరు?"

"ఆయనే పిన్నీ. అందుకే ఆయనకే చెబుతున్నా, ఇంకొకరితో చెప్పించకుండా. ఆయన కనబడితే నేను గొంతు చించుకున్నా ఒక్కడూ వినడు."

"కోటు వేసుకోకుండా వస్తే?" అన్నాడు మాస్టారు.

"మీ ఎత్తు ఎక్కడ దాస్తారు?"

మాస్టారికి నవ్వొచ్చింది. "ఈ లేవడం సంగతి నీకు ముందే తెలుసా?"

"చిన్నప్పటి నుంచీ. గ్రౌండులో అందరికీ తెలుసు, మీకు తప్ప."

మాస్టారు నేల మీద కూర్చున్నవాడి వైపు తిరిగాడు. "నీకూ తెలుసా?"

సూది ఆగింది. "తెలుసు బావా."

"ఆ రోజు నేను లేవడం చూశావా?"

"చూశాను."

"మరి కూర్చోమని ఒక్క కేక వెయ్యలేకపోయావా?"

"అంతమందిలో మిమ్మల్ని కూర్చోమని ఎలా కేకేస్తాను బావా?"

"అదీ మర్యాదంటే," అంది అతని అక్క, గోడకి వినబడేలా.

"రేపు రానులే," అన్నాడు మాస్టారు గోడతో. గోడ వెళ్ళిపోయింది. బావమరిది పట్టీ కుట్టడం పూర్తి చేసి, దారాన్ని పంటితో తెంపి, సంచి భుజాన వేసుకుని చూసి, బాగుందన్నాడు.

మర్నాడు మాస్టారు వెళ్ళలేదు. ఆట గురించి తర్వాత ఎలక్ట్రీషియన్ చెప్పాడు. గోడ ముందుగా ఆ స్టూలు తీసుకెళ్ళి సామాన్ల గదిలో పడేసి తాళం వేసిందట. మొదటి సగమంతా టీములో ప్రతివాడూ గ్యాలరీ వైపు చూడటం, అక్కడ ఎవరూ లేకపోతే తెల్లమొహం వెయ్యడం.

"దారి తప్పిన గొర్రెల్లా తిరిగాం మాస్టారూ. హాఫ్ టైములో ఆవిడ తిట్టిన తిట్లు మా అమ్మ కూడా తిట్టలేదు. రెండో సగంలో తిట్లు తప్పించుకుందామని ఆవిడ మాట వినడం మొదలెట్టాం."

"గెలిచారా?"

"లేదు. గోలు పడలేదు, వెయ్యలేదు."

ప్రెస్సు ఓనరు మళ్ళీ వచ్చాడు. ఈసారి టీ వేడిగా ఉండగానే తాగాడు. మాస్టారు గోడ పేరు చెప్పాడు.

"ఆవిడా గెలవలేదు కదండీ. అలాంటప్పుడు మీవాడైతే మీ ఇంట్లో కూడా..."

"మా ఇంటి సంగతి నేను పడతాను. పేరు అడిగారు, చెప్పాను."

బావమరిదికి ఆ మాట ఇంకొకరి నోట చేరకముందే మాస్టారు కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాడు. అతను అద్దం అరగదీస్తూ మిషను ఆపకుండానే విన్నాడు. తర్వాత ఆపాడు.

"సంచి నా దగ్గరే ఉంటుందిగా బావా?"

"అది నువ్వు ఆవిడనే అడుగు. గట్టిగా అడుగు."

భార్య ఆ వారమంతా మాస్టారితో ఇంటి గోడకి చెప్పినట్టు మాట్లాడింది. టీ బల్ల మీద ఉందట, తాగేవాళ్ళు తాగొచ్చట. తమ్ముడు కూడా కొన్నాళ్ళు ఇంటికి రాలేదు. వచ్చిన రోజు అక్క కళ్ళజోడుకి వదులైన మర బిగించి, ఏమీ జరగనట్టే కూర్చుని వెళ్ళాడు. సంచి అతని దగ్గరే ఉంది. గోడ అతన్ని కూడా మిగతావాళ్ళతో సమంగా తిడుతుంది. ఈమధ్య ఆవిడ రిఫరీ మీదికి వెళ్ళబోతుంటే అతను మోచెయ్యి పట్టుకుని, "ముందు నువ్వు కూర్చో" అన్నాడట. ఆవిడ కూర్చుందట. ఈ కబురు మోసుకొచ్చిన ఎలక్ట్రీషియన్ చేత మాస్టారు రెండుసార్లు చెప్పించుకున్నాడు.

డిపో గ్రౌండు ఇంటికి దగ్గరే. మ్యాచ్ ఉన్న రోజు అరుపులు వంటగది దాకా వస్తాయి. మాస్టారు కిటికీ పక్కన కుర్చీ వేసుకుంటాడు. మొన్న అలా కూర్చుని ఉండగా అరుపు ఒక్కసారిగా పెరిగింది. ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాడు. అరుపు ఇంకా పెరిగి, అటో ఇటో తేలకుండానే తగ్గిపోయింది.

"ఎలాగూ లేచారుగా," అంది లోపలి నుంచి భార్య, "పెరట్లో పంపు కారుతోంది, కట్టేసి రండి."

ఆయన వెళ్ళి కట్టేసి వచ్చాడు.