ఆంటీ అన్నది అన్నట్టే

ఫొనెటిక్స్ నాకు నల్లేరు మీద నడక అనుకున్నాను. హైదరాబాద్ కాల్ సెంటర్‌లో ఎనిమిదేళ్ల పాటు కొత్తవాళ్ల ఇంగ్లీషు దిద్దినదాన్ని. పైగా మన అక్షరమాలే నోటిని బట్టి నడుస్తుంది. గొంతు దగ్గర క తో మొదలై, చ, ట, త దాటి, ప వచ్చేసరికి పెదాల మీదికి చేరుతుంది. ముప్పై ఐదేళ్ల వయసులో స్పీచ్ థెరపీ కోర్సులో చేరి ఆల్బనీ క్యాంపస్‌లో కూర్చున్న మొదటి రోజు, చుట్టూ ఉన్న ఇరవై ఏళ్ల పిల్లలు నాలుక ఎక్కడ తగులుతోందో అద్దాల్లో చూసుకుంటుంటే నాకు లోలోపల నవ్వొచ్చింది. ఇదంతా మేం పలక మీదే నేర్చేసుకున్నాం కదా అనుకున్నాను.

మూడో వారానికి ఆ పొగరు దిగింది. మాటను స్పెల్లింగుతో కాకుండా వినిపించిన ధ్వనులను బట్టి గుర్తుల్లో రాయాలి. తలకిందులైన అక్షరాలు, తోకలున్న అక్షరాలు, పైన టోపీ పెట్టుకున్నవి. గుర్తులన్నీ కంఠతా వచ్చేశాయి కానీ టెస్టులో బోల్తా పడ్డాను. ఒక కివీ అమ్మాయి గొంతు వినిపిస్తే, పాపం సరిగ్గా పలకలేకపోతోంది అనుకుని ఆ పిల్ల మాటలన్నీ సరిచేసి రాశాను. ఇక్కడివాళ్ల అచ్చులే అంతని అప్పటికింకా నాకు తట్టలేదు. నూటికి ముప్పై ఎనిమిది వచ్చాయి.

మా లెక్చరర్ అరవై దాటిన కివీ ఆవిడ. ఏదైనా వినాల్సి వస్తే చెప్పులు విప్పేసి, కళ్లు మూసుకుని కూర్చుంటుంది. అందరూ ఆవిడని పేరు పెట్టి పిలుస్తారు. నాకు నోరు రాక, ఆవిడ నా వైపు తిరిగేదాకా పక్కన నిలబడేదాన్ని. పేపర్ చేతికిస్తూ, "నీ చెవి బాగానే వింటోంది. చెయ్యే దాని మాట వినడం లేదు" అంది. బస్సులోనూ, సిటీలో దిగి ఎక్కిన ట్రైన్‌లోనూ, నేనుండే పాపకూర పేట వచ్చేదాకా ఆవిడని తిట్టుకుంటూనే ఉన్నాను.

మిగిలిన మార్కులన్నీ ఒకే అసైన్‌మెంట్‌కి. మాటలో ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లు ఎవరైనా ఒప్పుకుంటే, వాళ్లు మాట్లాడిన రెండు నిమిషాలు రికార్డ్ చేసి ఉన్నదున్నట్టు రాయాలి. అందులో తప్పితే వచ్చే ఏడాది క్లినిక్‌కి ట్రైనింగుకి పంపరు. క్లినిక్ లేకపోతే కోర్సే లేదు. ఉన్న ఉద్యోగం వదిలేసి ఇంత దూరం వచ్చినదాన్ని, నాకు నిజంగానే భయం వేసింది.

ఆదుకున్నది మా ఇంటి ఓనర్ ఆంటీ. ముందున్న ఇల్లు వాళ్లది, పెరట్లో ఉన్న ఒంటి గది నాది. ఆంటీ తాతలు ఫిజీ చెరకు తోటల్లో పనికి వెళ్లిన తెలుగువాళ్లు. ఇంట్లో అందరూ మాట్లాడేది హిందీయే అయినా నేను దిగిన రోజు నుంచి నాతో మాత్రం వాళ్ల నానమ్మ దగ్గర నేర్చిన తెలుగే మాట్లాడేది. ఆ తెలుగు కోసం ఏదో ఒక వంక పెట్టుకుని వాళ్ల వంటింట్లోకి దూరేదాన్ని. నేను రాకముందే, పోయినేడాది స్ట్రోక్ వచ్చి ఆవిడ మాట దెబ్బతింది. ఒక మాట మొదలుపెట్టి వెతుక్కుంటుంటే కొడుకో కోడలో అందుకుని పూర్తి చేస్తారు. ప్రేమతోనే. నేనూ అదే చేసేదాన్ని. నా అసైన్‌మెంట్ సంగతి వినగానే, అడగకముందే ఒప్పుకోలు ఫారం లాక్కుని ఎడమచేత్తో సంతకం పెట్టేసింది.

ఈ దేశం వచ్చిన కొత్తలో ఏం పని చేశారో ఇంగ్లీషులో చెప్పమని ఫోన్ ఆవిడ ముందు పెట్టాను. స్ట్రాబెర్రీ తోటలో పళ్లు కోసిన రోజుల గురించి చెప్పింది. ఆ రెండు నిమిషాల మాటనీ ఒక్క పూటలో రాసేసి, తృప్తిగా పట్టుకెళ్లి ఇచ్చాను.

లెక్చరర్ చెప్పులు విప్పి, రికార్డింగ్ వింటూ నా పేపర్ చూసింది. "ఇందులో ఎవరో చక్కగా మాట్లాడే ఆవిడ ఉంది. మరి ఈ రికార్డింగులో ఉన్నావిడ ఏది?" అని అడిగింది. శుక్రవారం లోపు మళ్లీ రాసుకు రమ్మంది. అదే ఆఖరి అవకాశం.

నాకు ఏడుపొచ్చింది. తడబడిన మాటని తిరిగి పలికితే అది వెక్కిరింపు అని నేర్చుకుని పెరిగినదాన్ని. ఏడేళ్లప్పుడు మా వీధిలో నత్తి ఉన్న పాలాయన మాట్లాడినట్టు మాట్లాడి చూపిస్తే అమ్మ మూతి మీద ఒక్కటిచ్చింది. పెద్దవాళ్ల మాట తడబడితే మనకి వినపడనట్టు ఉండాలి, లేదా సరైన మాట మెల్లిగా అందించాలి. మా ఇంట్లో మర్యాద అంటే అదే. నేను ఆంటీని మర్యాదగా రాశాను. ఆ మర్యాదకి నా చదువు పోయేలా ఉంది.

గురువారం మధ్యాహ్నం గదిలో కూర్చుని, ఒక్కో మాటనీ ఇరవైసార్లు వింటూ, పళ్లు బిగబట్టి రాస్తున్నాను. తలుపు దగ్గర కర్ర చప్పుడైంది. ఆంటీ. కిటికీ తెరిచి ఉన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"నా గొంతే కదా?" అంటూ వచ్చి మంచం మీద కూర్చుంది. ఆవిడ మాటలు ఇక్కడ మీకు అర్థమయ్యేలా రాస్తున్నాను కానీ, ఒక్కోటి చాలాసేపు పట్టేది. "ఏం రాసినావు? చదువు."

"చదివేది కాదు ఆంటీ, ఊరికే గుర్తులు."

"గుర్తులైతే ఏంది? చదువు బేటీ."

తప్పించుకోవడానికి దారి లేదు. ఆవిడ పలికినట్టే పలుకుతూ చదివాను. స్ట్రాబెర్రీ దగ్గరికి వచ్చేసరికి చెవులు వేడెక్కాయి. ఆవిడ ముఖం చూడకుండా "తాబెర్రీ" అన్నాను. ఆంటీ చెయ్యి వచ్చి పేపర్ మీద పడింది.

"తప్పు."

"సారీ ఆంటీ, నేను వెక్కిరిస్తలేను, క్లాసు కోసమని..."

"అది కాదు. ఒక్కసారి రాసినావు. నేను మూడుసార్లు పట్టినాను. మూడూ రాయి."

మళ్లీ పెట్టి విన్నాం. నిజమే. రెండుసార్లు "తా, తా" అని ఆగిపోయి, మూడోసారికి ఆ మాట వచ్చింది. ఇంత జాగ్రత్తగా కూర్చున్నా ఆ రెండూ నేను వదిలేశాను. వినపడక కాదు, జాలిపడి.

"ఇంట్లో అందరూ బాగుంది బాగుంది అంటరు," అంది ఆంటీ. "ఎంత బాగయింది, ఎంత కాలేదు, ఒక్కరూ చెప్పరు. నాకు ఎట్ల తెలవాల?"

నాకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ నేను ఆవిడ నోట్లో మాట లాక్కుంటూ, పైగా మంచిదాన్నని మురిసిపోయాను. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆ మాటే చెప్పాను. "సరేలే, రాయి రాయి," అని తొందరపెట్టింది. సాయంత్రం దాకా ఇద్దరం పోట్లాడుకుంటూ రాశాం. నేను క అంటే ఆవిడ గ అనేది. ఇంకో ఆరు చోట్ల నన్ను పట్టుకుంది. కోడలు తెచ్చిచ్చిన చాయ్ చల్లారిపోయింది.

పేపర్ పాసయ్యాను. క్లినిక్‌కి నా పేరు ఎక్కింది. ఆంటీకి నా మార్కులతో పని లేదు. ఆ పేపర్ కాపీ ఒకటి అడిగి తీసుకుని, అందులో ఒక్క గుర్తూ తనకు చదవరాకపోయినా, ఫ్రిజ్ మీద మాగ్నెట్ పెట్టి అంటించింది.

సరిగ్గా నెలకి, ఫోన్ తీసుకుని రమ్మని కబురు పెట్టింది. మళ్లీ అదే స్ట్రాబెర్రీ తోట కథ మొదలుపెట్టింది. ఆ మాట దగ్గర ఒకసారి ఆగింది. ఊపిరి తీసుకుంది. అందించాలని ఆ మాట నా నాలుక దాకా వచ్చినా నోరు గట్టిగా మూసుకుని కూర్చున్నాను. రెండోసారికే మాట వచ్చేసింది. ఆంటీ కథ ఆపేసి నాకు రెండు వేళ్లు చూపించి, నేను ఆ రెండూ రాసేదాకా నా పెన్ను వైపే చూస్తూ కూర్చుంది.