కంచె కంతలో గాజుల చప్పుడు

కలుపు మందు పేరెత్తితే చాలు, లక్ష్మీదేవమ్మ ఆ పూట పొయ్యి వెలిగించదు. బేతమంగళ పక్క పల్లెలో అందరూ డబ్బా భుజాన వేసుకుని, పెరట్లో మందు కొట్టేసి అరుగు మీదికి చేరతారు. ఈవిడ మాత్రం వాన పడి నేల మెత్తబడే దాకా ఆగి, కలుపు తవ్వే తొలిక పట్టుకుని చతికిలబడుతుంది. వయ్యారిభామను పూత రాకముందే, చేతికి గుడ్డ చుట్టుకుని వేళ్లతో సహా పీకుతుంది. బండల సందుల్లో గరికకు మరిగే నీళ్లు పోస్తుంది. చెట్ల మొదళ్లలో ఎండిన మామిడాకు మందంగా పరుస్తుంది. వెలుతురు తగలని విత్తనం ఎట్లా మొలుస్తుంది చెప్పండి? పెరడు బాగానే ఉంటుంది, నడుమే ఉండదు.

పక్కింటి వైపు కంచెలో ఒక కంత ఉంది. దాని దగ్గర మంచమంత నేలను మాత్రం ఆమె ముట్టదు. అక్కడ గురుగాకు, చెంచలాకు, తుమ్మికూర ఇష్టమొచ్చినట్టు పెరుగుతాయి. ఈ సీమలో కలుపంటే సగం కూరే. దొరికిన ఆకునల్లా కలిపి కోస్తే బెరకాకు. అది ఉడికించి వార్చిన నీళ్లతో బస్సారనే చారు, పక్కన రాగి ముద్ద.

ఒకప్పుడు ఆ కంతలోంచి వచ్చి బెరకాకు కోసుకునేది ఆమె తోడికోడలు అక్కయమ్మ. అడిగేది కాదు, అడగాల్సిన పనీ లేదు. గాజుల చప్పుడు వింటే ఆమె వచ్చిందని తెలిసేది. ఒక ఏడు వానాకాలంలో పెరట్లో పాము కనబడితే, లక్ష్మీదేవమ్మే మొగుణ్ణి పోరి మందు కొట్టించింది. కొట్టించి, శ్రీనివాసపురంలో పెళ్లికని బస్సెక్కింది. మందు పడిన ఆకు వెంటనే వాడదు. నాలుగు రోజులు నవనవలాడుతూనే ఉంటుంది. ఆకును చూసి మంచీచెడూ చెప్పగల అక్కయమ్మ, ఆ పచ్చదనాన్నే నమ్మి ఒడి నిండా కోసుకుంది.

ఆ కూర తిని ఆసుపత్రికి చేరిన ఆమె తిరిగి రాలేదు. మూత్రపిండాలు ముందే చెడి ఉన్నాయి, ఆకు వల్లనో కాదో చెప్పలేమన్నారు డాక్టర్లు. ఊళ్లో ఎవరూ లక్ష్మీదేవమ్మను పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, ఏడ్చి ఊరుకునేది. ‘కోయొద్దక్కా’ అని ఒక్క మాట చెప్పకుండా బస్సెక్కింది కదా, ఆ మాట గొంతులోనే ఉండిపోయింది. ఆ తర్వాత మందు మానేయడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా మానేసింది.

వాన వెలిసిన సాయంత్రాలు కంత దగ్గర గాజులు గలగలమంటాయి. ఆమె ఒక్కదానికే వినిపిస్తాయి. వినిపిస్తే భయం. వినిపించకపోతే ఇంకా భయం.

ఈ ఏడు మనవరాలి నిశ్చితార్థానికి పెరట్లో షామియానా వేయాలి. తల్లి సంతకు పోయిన అదను చూసుకుని కొడుకు శశికుమార్ మందు కొట్టేశాడు. సంచి దింపకముందే ఆమెకు వాసన తగిలింది.

"యాడ కొట్టినావురా?"

"అంతా కొట్టినానమ్మా. ఇంగ ఎన్నాళ్లు వంగి పీకుతావు? నీ అవస్థ చూడలేకనే కొట్టినాను."

"ఆ కంత కాడ?"

"ఆడా కొట్టినాను. ఆ ఆకు ఎవురు తింటారని?"

ఆమెకు కోపం రాలేదు. సంచి అక్కడే వదిలేసింది. వెళ్లి చూస్తే ఆకు నవనవలాడుతోంది. ఆ రోజూ అది ఇలాగే ఉండి ఉంటుంది. పొద్దు వాలే వేళ నాలుగు చినుకులు పడి ఆగాయి. గాజులు గలగలమన్నాయి.

లక్ష్మీదేవమ్మ పరుగెత్తింది. కంతకు అడ్డంగా కూలబడి, రెండు చేతులూ చాపి, వీధి దాకా వినబడేలా అరిచింది.

"కోయొద్దక్కా! మందు కొట్టినారు. పచ్చగానే ఉండాది, నమ్మొద్దు. నేను చెప్తా ఉండాను కదా, కోయొద్దు!"

చప్పుడు ఆగిపోయింది.

శశికుమార్ వచ్చి తల్లిని లేవదీశాడు. మందు డబ్బా మళ్లీ ఆ ఇంట్లోకి రాలేదు. నిశ్చితార్థం జరిగింది, షామియానా విప్పేశారు, తర్వాతి వానలకు కంత దగ్గర కొత్త ఆకు మొలిచింది.

ఇప్పుడు సాయంత్రమైతే లక్ష్మీదేవమ్మ అక్కడే కూర్చుంటోంది. "ఇంగ కోసుకో అక్కా, మందు లేదు" అంటుంది. చెవి ఒగ్గి వింటుంది. ఆ సాయంత్రం తను అరిచి చెప్పిన మాట అక్కయమ్మ విన్నది. మళ్లీ రాలేదు.