వానకు తడవని తొట్టెల

మొన్న మలక్‌పేటలో ఒక పెళ్లి విందులో నా ముందు అరిటాకు వేశారు. నీళ్లు చిలకరించి తుడవబోతే తెలిసింది, అది ఆకు కాదు, ఆకు బొమ్మ అచ్చు వేసిన కాగితం, పైన ప్లాస్టిక్ పూత. ఈనెలు కూడా శ్రద్ధగా గీశారు. పక్కాయన అప్పటికే పప్పు దాకా వచ్చేశాడు. నేను మాత్రం విస్తరిని వాసన చూస్తూ కూర్చున్నాను. ఏ వాసనా లేదు. మా ఇంట్లో అరిటాకునూ కాగితాన్నీ కలిపిన రోజుల్లో వాసన గల్లీ మలుపు దాకా వెళ్లేది. దాన్ని ఎవరూ మెచ్చుకున్నట్టు గుర్తు లేదు.

ఉప్పుగూడలో మా చిన్నప్పటి ఆషాఢం అంటే రైలు పట్టాల పక్క తడిసిన కంకర వాసన, బొగ్గుల మీద చిటపటలాడే మక్కకంకులు, గోడలకు కొత్త సున్నం, గడపలకు పసుపు, మేకపిల్లకు పేరు పెట్టొద్దని నాయనమ్మ మాకు వేసే ఆంక్ష (ప్రతి ఏడూ పెట్టేవాళ్లం, బోనాల ఆదివారం పొద్దున ఏడ్చేవాళ్లం, మధ్యాహ్నం తినేవాళ్లం), వీటన్నిటి మీదా తెరిపి లేని ముసురు. బోనాలతో పాటు బస్తీ తరఫున అమ్మవారికి తొట్టెల సమర్పించేవారు. వెదురు పుల్లల చట్రానికి రంగు కాగితాలు అతికించి, అంతస్తులుగా లేపిన, మనిషిని మించిన గోపురం అది. దాన్ని చేసే హక్కు మా తాతది, ఆయన తర్వాత ఆయన కొడుకైన మా బాపుది. బాపు నీళ్ల డిపార్టుమెంటులో వాల్వులు తిప్పేవాడు. ఏ గల్లీకి ఎప్పుడు పోవాలో ఆయన చెబితే నీళ్లు వినేవి. బోనాల నాటి వాన మాత్రం ఆయన డ్యూటీ కిందికి రాలేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, గుడి ఇంకా రెండు గల్లీల దూరం ఉండగానే తొట్టెల కరిగిపోయింది. ఎర్ర రంగు కారి, పక్కన నడుస్తున్న ఆడవాళ్ల కొత్త చీరల మీద పడింది. లొల్లి మూడు రోజులు నడిచింది. నాలుగో రోజు బస్తీ పెద్ద పోచయ్య తాత మా అరుగు మీద కూర్చొని చాయ్ తాగి తీర్పు చెప్పాడు.

"మల్లేశా, వచ్చే ఏడు దుకాణంకెల్లి ప్లాస్టిక్‌ది తెద్దం. నీకు గూడ ఫికర్ ఉండది."

ఫికర్ లేకుండా పోతుందంటే ఒక మనిషి ముఖం అంత వాడిపోవడం నేను అప్పుడే చూశాను.

"ఒక్కపారి ఆగు కాకా," అన్నాడు బాపు. "తడవని కాగితం నేనే జేస్త."

"సరే. గది గూడ తడిస్తె మాత్రం, ఇగ మీ ఇంట్ల తొట్టెల ముచ్చట ఉండది."

మోరీ కాలువ పక్కన చామాకు మీద నీటిబొట్టు పాదరసంలా దొర్లడం బాపు అంతకుముందే గమనించాడు. ఆకును నూరి కాగితంలో కలిపితే ఆ గుణం కూడా కలుస్తుందని లెక్క వేశాడు. కాలేజీలో ఇంతకన్నా బలహీనమైన లెక్కలకు మార్కులు పడటం నేను చూశాను. పాత నోటుపుస్తకాలు నానబెట్టాం. నాయనమ్మ రోట్లో చామాకు నూరింది. సాయంత్రానికి ఇల్లంతా గోక్కుంటోంది.

"నీ కాగితం సల్లగుండ!" అంది నాయనమ్మ, మోచేతుల దాకా చింతపండు పూసుకొని. "అది నీళ్లను ఆపుడేమో గని, నన్ను ఒక్కకాడ కూసోనిస్తలేదు గదరా!"

ఎండిన కాగితం మీద చెంచాడు నీళ్లు పోస్తే సంతోషంగా తాగింది.

పక్క గల్లీలో పుస్తకాలకు అట్టలు కట్టే గనీ చాచా, అంచులు కోయగా మిగిలిన కాగితం ముక్కలు బస్తాలకు బస్తాలు ఇచ్చాడు. మా చేతుల మీది దద్దుర్లు చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"అరే మల్లేశ్ భాయ్, నీళ్లు జారేది ఆకు తోలు మీద. తోలునే నూరినవు, ఇగ ఏం మిగిలింది? బలానికి అరిటాకు పీచు దీస్కో. నీళ్లకైతే గుగ్గిలం, పటిక. మా అబ్బా అట్టలకు గదే పూస్తుండె."

మదన్నపేట మార్కెట్లో పారేసిన అరిటాకులు ఏరుకొచ్చే పని నాది. నెత్తిన ఆకుల కట్టతో వస్తుంటే మా క్లాసువాళ్లు నాకు రెండు పేర్లు పెట్టారు, రెండూ ఇక్కడ రాయను. ఆకుల్ని చాకలి సోడాతో పొద్దంతా ఉడకబెట్టి, పీచు తేలేదాకా దంచి, నానిన కాగితం గుజ్జులో కలిపి, దోమల జాలీ బిగించిన చట్రంతో తేల్చి, గోడకు అతికించి ఆరబెట్టి, సోడా నీళ్లలో కరిగించిన గుగ్గిలం ఒక పూత, దాని మీద పటిక నీళ్లు ఇంకో పూత. మొదటివి అప్పడాల్లా విరిగాయి. తర్వాతివి గోడ సున్నాన్ని వెంట తెచ్చుకున్నాయి. ఉగాది దాటాక ఒక కాగితాన్ని దోసిలిలా మడిచి బాపు నీళ్లు పోశాడు. మేమిద్దరం దాని కింద చేతులు పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాం. ఒక్క చుక్క రాలలేదు.

రంగు మాత్రం సరిగ్గా పట్టలేదు. బోనాల నాడు తొట్టెల బయటికి తెస్తే, "గోనెసంచి లెక్కున్నది," అన్నారెవరో. దానికి తోడు ఆ ఆదివారం ఆకాశం శుభ్రంగా తుడిచిపెట్టినట్టుంది. బస్తీ అంతా అమ్మవారికి దండం పెట్టుకుంది, మా ఇల్లు తప్ప.

పోచయ్య తాత పెదవి విరిచాడు. "వానే రాకపాయె. ఏం జూసి మాటియ్యాలె మల్లేశా?"

బోనమెత్తినవాళ్ల కాళ్ల మీద పోయడానికి మా గడప ముందు పసుపు నీళ్ల బిందె ఉంది. నాయనమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తి, వేపమండలతో సహా తొట్టెల మీద గుమ్మరించింది. డప్పులు ఆగిపోయాయి. నీళ్లు పూసల్లా దొర్లి, అంతస్తు నుంచి అంతస్తుకు దిగి, నేల చేరాయి. పోచయ్య తాత కాగితం లోపలి వైపు చెయ్యి పెట్టి తడిమాడు. పొడిగా ఉంది.

"నా మీద గూడ వోసినవు గదా, వదినె," అన్నాడు.

"వానైతె నిన్ను ఇడిచిపెడ్తుండెనా?"

డప్పులవాళ్లే ముందు నవ్వారు. తాత కండువా పిండుకున్నాడు. "మీరే జెయ్యిన్రి తియ్యి. గని జర రంగు వెయ్యిన్రి."

బాపు తువాలుతో ముఖం తుడుచుకున్నాడు. నీళ్లు ఆయన మీద పడలేదు.

గనీ చాచా దుకాణంలో ఇప్పుడు ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. మా పెరట్లో చట్రాలు ఆనించిన చోట రెండు స్కూటర్లు ఉంటాయి. బాపు పోయాక తొట్టెల దుకాణం నుంచే వస్తోంది, తళతళ మెరుస్తూ. చేసిందెవరని ఎవరూ అడగరు, అడిగినా చెప్పడానికి పేరు లేదు. బాపు చేతిది పద్నాలుగు ఆషాఢాలు గుడి దాకా నడిచింది. వాటిలో పదకొండేళ్లు వాన పడింది. మిగతా మూడేళ్లు నాయనమ్మ పోసింది.